పైకి కనిపించే ముడి

నూకరత్నానికి ఎవరినీ చటుక్కున నమ్మే అలవాటు లేదు. కళ్ళముందే తూచి ఇచ్చిన వంకాయల్ని కూడా ఇంటికొచ్చి ఒకసారి చేత్తో ఎత్తి చూసుకునే మనిషి. అలాంటిది, ప్రయోగశాలలో డాక్టర్ హైమావతి గారు రోజూ వేసే ప్లాస్టిక్ కుర్చీ మానేసి మెత్తటి కుర్చీ చూపించి, అడక్కుండానే టీ తెప్పించారంటే, ఇవాళ ఏదో దాస్తున్నారని ఆమెకి గుమ్మంలోనే అర్థమైంది.

"ముందు టీ తాగు రత్నమ్మా."

"తరవాత తాగుతానండి. ఆ బేగు అలా ఉండేది గంటే గదా. బేగు ఇటివ్వండి."

మూలరేవు బస్టాండు పక్కన, నీలం టార్పాలిన్ పట్టా కింద, పద్దెనిమిదేళ్ళుగా సంచులు బాగుచేస్తోంది రత్నం. బడిపిల్లల సంచులు, పనులకి ఊళ్ళు తిరిగేవాళ్ళ సంచులు, పెళ్ళివారి సూట్‌కేసులు, అన్నీ ఆమె ఒళ్ళోకి వచ్చి వెళ్ళినవే. సంచి చేతికిస్తే చాలు, మోసిన మనిషి ఏ భుజానికి వేసుకుంటాడో, ఎక్కడ దింపుతాడో చెప్పేస్తుంది. కోపిష్టో కాదో కూడా చెప్పగలదు. జిప్పు పళ్ళు ఊడిన తీరులో కోపం తెలిసిపోతుందని ఆమె నమ్మకం.

ఆ విద్య కోసమే హైమావతి గారు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. సముద్రం ఇప్పటికే మూలరేవులో మూడు వీధుల్ని మింగింది. మిగిలిన ఊరిని ఖాళీ చేయించడానికి తరలింపు మండలి అని ఒకటి వెలిసింది. ఇంటికో వీపు సంచి ఇస్తారట, అందులో పట్టినంత సర్దుకుని లారీ ఎక్కాలట. పదిహేను రోజులు, మహా అయితే నెల, గట్టు కట్టడం పూర్తవగానే మళ్ళీ తెచ్చి దింపుతామని ఊరంతా మైకులో చెబుతున్నారు. ఏ సంచి ఇవ్వాలో తేల్చే పని ఈ ప్రయోగశాలకి అప్పగించారు.

తేల్చడానికి వాళ్ళ దగ్గర ఒక గది ఉంది. గది అనడమే గానీ బీరువాకంటే కాస్త పెద్దది, అంతే. అక్కడివాళ్ళంతా దాన్ని రేపటి గది అంటారు. సంచిని లోపల పెట్టి, తలుపు మూసి, ఎన్నేళ్ళు కావాలో మీట తిప్పితే, నలభై నిమిషాల తర్వాత ఆ సంచి అన్నేళ్ళూ గడిచాక ఎలా ఉంటుందో అలా బయటికొస్తుంది. ఎండకీ వానకీ పాతబడటం మాత్రమే కాదు, దాని మీద నిజంగా ఏమేం జరగబోతాయో అవన్నీ జరిగిపోయి వస్తుంది. సరిగ్గా గంటసేపు అలా ఉండి, చూస్తుండగానే మళ్ళీ కొత్త సంచి అయిపోతుంది. లోపల సర్దిన సామాను రాదు గానీ, సంచికి కుట్టి అతికినది ఏదైనా ఉంటే దాంతోపాటే వస్తుంది. ప్రాణమున్నవాటిని అందులో పెట్టకూడదు. ఒకసారి వేపరెమ్మ పెట్టి చూశారట. అది ఎలా వచ్చిందో ఎంత అడిగినా ఎవరూ చెప్పరు.

మొదట్లో ఈ చదువుకున్నవాళ్ళంతా కలిసి ఓ ఘనకార్యం చేశారు. ఎనిమిదేళ్ళు ముందుకి పంపిన సంచుల్లో ఒకటి రంగైనా వెలవకుండా వచ్చిందని, ఇంత గట్టి గుడ్డ లోకంలో లేదని సంబరపడిపోయి దాన్నే ఖాయం చేసేశారు. రత్నం వచ్చి దాన్ని తిరగేసి నవ్వాపుకోలేకపోయింది.

"ఇది గట్టిది కాదండి. దీన్నసలు ఎవరూ మొయ్యలేదు. సూడండి, కంపెనీ వోళ్ళు పెట్టిన మడత అలాగే ఉంది. అడుగున ఎలక పంటి గాటుంది. ఎనిమిదేళ్ళూ మీ గోడౌన్లోనే పడుంది."

అప్పటినుంచి పద్ధతి మార్చారు. ప్రతి సంచినీ ముందే ఊళ్ళో ఏదో ఒక ఇంటికి చీటీ తీసి రాసేసి, ఆ తర్వాతే గదిలో పెడుతున్నారు. ఎవరి సంచి ఏదన్న చీటీలు హైమావతి గారి సొరుగులో ఉంటాయి. రత్నానికి నంబరు మాత్రమే చెబుతారు.

ఒకటో నంబరూ రెండో నంబరూ చిన్న సంచులు. నాలుగేళ్ళు పంపితే ఒకటి, ఐదేళ్ళు పంపితే ఇంకొకటి, కుట్లు విడిపోయి చిత్తుగుడ్డలై వచ్చాయి. పదిహేను రోజులకని ఇచ్చిన సంచిని నాలుగేళ్ళు ఎవరు మోస్తారని రత్నం అప్పుడే అడిగింది. తిరిగొచ్చాక కూడా వాడుకుంటారు కదా అన్నారు హైమావతి గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆ కళ్ళజోడు అంతకుముందు శుభ్రంగానే ఉందని రత్నం గమనించింది.

ఇవాళ్టిది మూడో నంబరు. తొంభై లీటర్ల పెద్ద సంచి, నడుముకి పట్టీ, అడుగున రెండు పొరల గుడ్డ. ఎనిమిదేళ్ళు వెళ్ళొచ్చింది. వెలిసిపోయి ముదురాకుపచ్చ కాస్తా బూడిదరంగుకి తిరిగింది గానీ ఎక్కడా చిరుగు లేదు. రత్నం గోడ గడియారం చూసుకుని సంచిని ఒళ్ళో బోర్లించింది.

"అడుగు అరిగింది. ఒక తీరుగా అరగలేదండి. గచ్చు మీద దింపారు, ఇసకలో దింపారు, కంకర మీద దింపారు. ఇది ఇంట్లో మేకుకి తగిలించిన బేగు కాదు. ఎనిమిదేళ్ళూ తిరుగుతానే ఉన్నారు."

"రాసుకుంటున్నాను, చెప్పు," అన్నారు హైమావతి గారు. ఆవిడ కలం మాత్రం కదలడం లేదు.

రత్నం భుజం పట్టీని వెలుతురుకి పట్టింది. పట్టీని బిగించే బకెలు చాలాకాలం ఒకేచోట ఉంటే పట్టీ మీద గీత పడుతుంది. అలాంటి గీతలు ఐదున్నాయి. మొదటిది బాగా పొట్టిగా, చిన్న భుజానికి సరిపోయేంతలో ఉంది. తర్వాతది దానికి రెండు వేళ్ళు ఇవతల, ఆ తర్వాతది ఇంకాస్త ఇవతల.

"మోసింది చిన్నపిల్లండి. ఆడో మగో తెలీదు. ఏటేటా ఎదుగుతా దీన్నే మోసింది."

"ఒక్కరేనా?"

"ఒక్కరే. రెండో మనిషి కూడా ఏసుకుంటే బకెలు ముందుకీ ఎనక్కీ జరగాలి గదా. ఇది ముందుకే జరిగింది, ఎనక్కి రాలేదు." అంటూనే ఆమె వేలు పట్టీ వెంబడి పైకి వెళ్ళింది. పట్టీ సంచికి కలిసేచోటే ఏ సంచి అయినా ముందు తెగుతుంది. అక్కడ బాగుచేసిన కుట్టు తగిలింది. మైనం పూసిన దారం, ఏటవాలుగా దిగిన సూది, కుట్టుకీ కుట్టుకీ మధ్య గింజెడు ఎడం. ఇది బస్టాండు పక్కన నీలం పట్టా కింది పని. ఇంకెవరూ ఇలా కుట్టరు.

అయితే చివర ముడి లోపలికి దాచలేదు. పైకే వేసి, దాని మీద ఇంకోటి వేసి, పళ్ళతో తెంపేశారు. ఆ ముడి రత్నానికి బాగా తెలుసు. మొన్న ఆదివారం కూడా ఆ ముడి వేసినందుకు ఒకరి నెత్తిన మొట్టికాయ వేసింది.

"ఏమైంది రత్నమ్మా?"

"ఏం లేదండి. ఇంకా సూడాలి."

చూసింది. సంచి మొత్తం మీద తొమ్మిది చోట్ల బాగుచేసిన కుట్లున్నాయి. కొన్నిటి దారం కొత్తగా ఉంది, కొన్నిటిది బాగా వెలిసింది. మొట్టమొదటిది రెండో ఏటనే పడి ఉంటుంది. తొమ్మిదింటికీ ముడి పైకే ఉంది. ఆమె వేలు తొమ్మిదో ముడి మీద ఉండగానే గంట అయిపోయింది. వేలి కింద దారం కరిగిపోయి నున్నటి కొత్త గుడ్డ తగిలింది. టీ చల్లారిపోయింది, తాగకుండానే ఇంటికి బయల్దేరింది.

దారంతా అనుమానాలే. డాక్టరమ్మ ఏదో నాటకం ఆడించి ఉంటుందనుకుంది. ముందే పిల్ల చేత కుట్టించి, ఆ సంచిని తన ఒళ్ళో పెట్టి, తను ఏమంటుందోనని చూశారేమో. అలా జరిగి ఉంటే బాగుండుననిపించింది. జీవితంలో మొదటిసారి ఒకరు తనని మోసం చెయ్యాలని కోరుకుంది.

ఇంటి అరుగు మీద కూతురు లోవకుమారి ఎవరిదో గొడుగు కుడుతోంది. పన్నెండేళ్ళ పిల్ల. దానికి మూడేళ్ళప్పుడు తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాలేదు. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరే. రత్నం చెప్పులైనా విప్పకుండా వెనక నిలబడి చూసింది. లోవ కుట్టు పూర్తి చేసి, దారాన్ని పైకి లాగి ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసి, పళ్ళతో తెంపింది.

"లోవా, ఆ డాక్టరమ్మగారు ఎప్పుడైనా నీసేత ఏదైనా కుట్టించారా? పెద్ద బేగు? ఆకుపచ్చది?"

"లేదే. ఆవిణ్ణి నేను సూడనే లేదు." లోవ గొడుగు దాచుకోబోయింది. ముడికి మొట్టికాయ పడుతుందని దానికి తెలుసు. పడకపోయేసరికి దానికే అనుమానం వచ్చింది, తల్లి పోలిక ఎక్కడికి పోతుంది. "ఏటే అమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

పిల్ల ఎండురొయ్యలు వేసి వంకాయ వండింది. రత్నం ముద్ద కలుపుతూ కూర్చుంది. ఆ తొమ్మిదిసార్లూ తను పిల్ల పక్కన లేదంటే, తనకి ఏమవుతుందో అని ఒళ్ళంతా వెతుక్కుంది. నిరుటి నుంచి వదలని పొడిదగ్గు మీద అనుమానం, మెట్లెక్కితే వచ్చే ఆయాసం మీద అనుమానం, ఎక్కబోయే లారీ మీద, దాన్ని నడిపేవాడి మీద, అక్కడెక్కడో తాగబోయే నీళ్ళ మీద అనుమానం. చావంటే అంత భయం లేదామెకి. పిల్ల తొమ్మిదిసార్లు ఎక్కడో ఒంటరిగా కూర్చుని ఆ సంచి కుట్టుకుంటుంది. అది తలుచుకుంటేనే ఏడుపు ఆగలేదు. కూరలో కారం ఎక్కువైందని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ సొరుగు తియ్యండి."

హైమావతి గారు బుకాయించలేదు. సొరుగు తీసి చీటీ బల్ల మీద పెట్టారు. మూడు: నూకరత్నం, లోవకుమారి.

"చీటీ నిజంగానే మీ పేరు మీద వచ్చింది రత్నమ్మా. నీకు ముందే చెబితే సంచిని సంచిలా చూడలేవని చెప్పలేదు. తప్పే. చీటీ వచ్చిన రోజునుంచీ నాకు నిద్ర లేదు."

"అందుకా మెత్తని కుర్చీ? అందులో నేను లేనండి. మీకు తెలుసా?"

"తెలీదు. నాకు కుట్లు చదవడం రాదు కదా."

రత్నం చెప్పింది. తొమ్మిది ముడుల సంగతీ, పట్టీ మీద ఐదు గీతల సంగతీ. ఆవిడ చీటీని బోర్లించి పెట్టారు. తర్వాత, ఆ రోజుల్లో నీకు జ్వరం వచ్చి ఉండొచ్చు, ఎక్కడో పనికి వెళ్ళి ఉండొచ్చు అని ఏవేవో అన్నారు.

"తొమ్మిదిసార్లూనా? నేనుంటే ఆ ముడి విప్పించి మళ్ళీ కుట్టించేదాన్నండి. నా ఇంటి బేగుకి అలాంటి ముడి ఉండనిత్తానా? కోపంతో సెప్తున్నానని అనుకోకండి, నా పని సంగతి సెప్తున్నాను."

అప్పుడే మండలి అధికారి కృపావరం గారు ఫైలుతో లోపలికి వచ్చారు. మనిషి మంచివాడే. ఎవరి ముఖంలోకీ సూటిగా చూడలేనివాడు, అంతే. సంచిని పరీక్షించిన మనిషిగా రత్నం సంతకం పెడితే తప్ప ఏ సంచీ ఖాయం కాదు. చిన్న సంచికి సంతకం పెట్టించుకు రమ్మని ఆయన్ని పంపారు.

"చిన్నది నాలుగేళ్ళకే చిరిగిపోయింది గదండి," అంది రత్నం.

"పదిహేను రోజులకి అది చాలునమ్మా. ఇంత పెద్దవి పంచితే జనం అనుమానపడతారు."

"గట్టు కడతన్నారా?"

కృపావరం గారు ఫైలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు.

"అడిగేను. గట్టు కడతన్నారా అండి?"

"కట్టినా నిలవదంట," అన్నారాయన ఎట్టకేలకి, బల్లతో చెబుతున్నట్టు. "ఆ మాట చెబితే ఎవరూ లారీ ఎక్కరని, ముందు ప్రాణాలు దక్కితే చాలని..."

రత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళు దేశం మీద తిరగబోయే జనానికి పదిహేను రోజుల బట్టలు సర్దుకోమని చెబుతున్నారన్నమాట. ఫైలు లాక్కుని, పెద్ద సంచి ఉన్న పేజీ వెతికి, అక్కడ సంతకం పెట్టింది.

"ఇంటికొకటి కాదు, మనిషికొకటి ఇవ్వండి. అనుమానపడితే పడనివ్వండి. పడాలనే ఇది రాసేను."

ఆయన వెళ్ళిపోయాక హైమావతి గారు మెల్లగా దగ్గరికొచ్చారు.

"ఇంకో దారి ఉంది రత్నమ్మా. కుట్టింది ఏదైనా వస్తుంది కదా. మీ అమ్మాయికి చెప్పు. నీకేమైనా అయితే, ఎప్పుడు, ఎలా అన్నది గుర్తులుగా సంచి మీద కుట్టమను. మళ్ళీ గదిలో పెట్టి చూద్దాం. తెలిస్తే తప్పించుకోవచ్చేమో."

మంచి ఆలోచనే. రత్నానికీ అలాగే అనిపించింది. ఎర్రదారంతో నాలుగు కుట్లు చాలు, అంతా తెలిసిపోతుంది. ఆమె తల ఊపబోయి, ఆ నాలుగు కుట్లూ వేసే చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ రోజు ఆ మాట చెబితే, రేపటినుంచి పిల్ల తన వంక చూసినప్పుడల్లా ఎర్రదారం గుర్తుకు తెచ్చుకుంటుంది. దగ్గితే బెదురుతుంది. అనుమానంతో బతకడం ఎలా ఉంటుందో రత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వొద్దండి. తల్లి పోయిన సంగతి పిల్ల సేతే కుట్టించుకుని నేను సదువుకోవాలా? ఇంకో వారం ఆగండి. తర్వాత బేగు పెట్టండి. ఈలోగా నాకు పనుంది."

ఆ వారం బస్టాండు పక్కన నీలం పట్టా కట్టలేదు. రత్నం కూతుర్ని బడి మానిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. దారానికి మైనం ఎంత పట్టించాలో, చివరికొచ్చాక నాలుగు కుట్లు వెనక్కి ఎలా వెయ్యాలో, ముడిని పొరకీ పొరకీ మధ్యకి ఎలా జార్చాలో, మొదటినుంచీ మొదలుపెట్టింది. పాత గోనెపట్టా మీద వందసార్లు కుట్టించి వందసార్లు విప్పించింది. లోవ వేళ్ళు పొక్కులెక్కాయి.

"ముడి బయటుంటే ఏమవుద్దే?" అంది మూడోరోజు, విసిగిపోయి.

"భుజానికి ఒరుసుకుంటాది. ఒరిసీ ఒరిసీ తెగిపోద్ది. మళ్ళీ కుట్టాలి. అందుకే తొమ్మిదిసార్లు..." రత్నం నాలుక కరుచుకుంది.

లోవ సూది ఆపి తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వేదో దాత్తన్నావు."

"దాత్తన్నాను. కుట్టు."

పిల్ల వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కుట్టింది. ఆరోరోజు సాయంత్రానికి ముడి మాయమైంది. రత్నం పట్టాని అటూ ఇటూ తిప్పి, వేలితో తడిమి, తను కుట్టిన ముక్క పక్కన పెట్టి చూసింది. ఏది ఎవరిదో చెప్పడం కష్టమైంది. కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ఇంతకాలం అదే నెత్తిన ఎన్ని మొట్టికాయలు వేసిందోనని దిగులేసింది.

వారం తర్వాత మూడో నంబరు మళ్ళీ ఎనిమిదేళ్ళు వెళ్ళి వచ్చింది. అదే వెలిసిన రంగు, అదే అరిగిన అడుగు, పట్టీ మీద అవే ఐదు గీతలు. బాగుచేసిన కుట్లు మాత్రం మూడే ఉన్నాయి. రత్నం మొదటిదాని మీద వేలు పెట్టింది. మైనం దారం, ఏటవాలు సూది, చివర నాలుగు వెనక్కుట్లు. ముడి కనిపించలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"ఎవరి కుట్టు?" అన్నారు హైమావతి గారు. ఈసారి ఆవిడ చేతిలో కలం కూడా లేదు.

రత్నం సంచిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దారాన్ని కంటికి ఆనించి చూసింది, వాసన చూసింది, గోటితో గీకింది. ఇన్నేళ్ళ పనిలో చేతికొచ్చిన సంచి ఎవరు కుట్టారో చెప్పలేకపోవడం ఇదే మొదలు. పట్టీ మీది గీతలు ఒక్కరే మోశారని చెబుతున్నాయి. అయితే తల్లికీ ఇంకో సంచి ఉండి ఉండవచ్చు, మనిషికొకటి ఇమ్మని సంతకం పెట్టింది తనే కదా. పక్కనే కూర్చుని కుట్టిపెట్టి ఉండవచ్చు. కుట్టకపోయి ఉండనూవచ్చు. గంట గడిచి, వేలి కింద దారం కరిగిపోయేదాకా చూస్తూనే ఉంది.

"తెలీదండి," అంది చివరికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మొహంలో నవ్వు కూడా ఉంది. "ఎవరు కుట్టినా మంచి పని."

లారీలు వచ్చిన రోజు పొద్దున మూలరేవు మొత్తం సముద్రపు ఒడ్డున గుమిగూడింది. మనిషికో పెద్ద ఆకుపచ్చ సంచి. పదిహేను రోజులకి ఇంత బేగు ఎందుకని మొదట వలలల్లే పోలాలు అనే మనిషి అడిగాడు. రత్నం "అదే అడగండి ఆళ్ళని" అంది, పక్కవాళ్ళతోనూ అదే అంది. కాసేపటికి ఊరంతా ఒకే ప్రశ్న అడుగుతూ కృపావరం గారి చుట్టూ మూగింది. ఆయన మైకు కిందకి దించి, ఎవరి ముఖంలోకీ చూడకుండానే, "మళ్ళీ రాలేకపోవచ్చు" అన్నారు. ఏడుపులు రేగాయి. కొందరు ఆయన్ని తిట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఇళ్ళకి పరిగెత్తి, సర్దినవన్నీ తీసేసి మళ్ళీ సర్దుకున్నారు. పోలాలు చొక్కాలు పారేసి వలసూదులు పెట్టుకున్నాడు. ఒకావిడ గుమ్మం మీది మొగుడి పేరు పలక ఊడదీసుకుంది. రత్నం కుట్టుమిషను బల్ల వదిలేసి, పైభాగం మాత్రం విప్పి తన సంచిలో వేసుకుంది.

లోవ మూడో నంబరు సంచి భుజాలకి తగిలించుకుని తల్లి ముందు నిలబడింది. సంచి దాని నడుం దాటి వేలాడుతోంది. రత్నం వంగి పట్టీ లాగి, బకెలును పొట్టిగా, తను కళ్ళారా చూసిన మొదటి గీత పడబోయే చోట బిగించింది. మిగిలిపోయిన పట్టీ మూరెడు కిందకి వేలాడింది.

"ఇది ఇంత పొడుగెందుకే? కత్తిరించెయ్."

"ఉండనీ. ఎదుగుతావు గదా."

లోవ వేలాడే పట్టీని చేత్తో పట్టుకుని చివరిదాకా చూసుకుంది. "అంతా? అంత ఎదుగుతానా?"

"ఎదుగుతావు," అంది రత్నం, లారీ ఎక్కించడానికి కూతురి చెయ్యి పట్టుకుని. "నేను సూశాను."